మన ఇళ్లల్లో చిలక మేత: కొర్రలు, వడ్లు, పొద్దుతిరుగుడు

చిలక ఏం తింటుంది అని ఎవరినడిగినా జామపండు, పచ్చిమిరపకాయ అని ఠక్కున చెప్తారు. క్యాలెండర్ బొమ్మల్లో కూడా అంతే, జామకొమ్మ మీద చిలక. కానీ ఈ రెండూ మన నేల పంటలు కావు. జామ, మిరప రెండూ అమెరికా ఖండానివి, పోర్చుగీసు వాళ్ల రాకతో మన వైపు వచ్చినవి. గోవా పోర్చుగీసుల చేతికి పోయింది 1510లో. శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో. అంటే రాయలవారి పట్టాభిషేకం నాడు హంపిలో ఏ ఇంటి పంజరంలో చిలక ఉన్నా, దానికి మిరపకాయ అంటే ఏమిటో తెలియదు. వేరుశనగ తెలియదు, మక్కజొన్న తెలియదు, పొద్దుతిరుగుడు గింజ అసలే తెలియదు. మనం "చిలక మేత" అనుకునేదాంట్లో సగానికి సగం ఓడలో వచ్చిన సరుకు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మన కుటుంబంలో ఇప్పుడు నాలుగిళ్లలో పక్షులున్నాయి. రెండు బెంగళూరులో, ఒకటి హొసపేటలో, ఒకటి సిరుగుప్ప తాలూకాలో మన క్యాంపులోనే. అవి రామచిలకలు కావు, బడ్జీలు, కాక్‌టెయిల్‌లు. కానీ వాటికి పెట్టేది మాత్రం నాయనమ్మ రామచిలకకు పెట్టిందే పెడుతున్నారు. "మన ఇంట్లో ఎప్పట్నుంచో ఇదే" అంటారు. ఎప్పట్నుంచి అని లెక్క తీస్తే, కొన్ని నాలుగు వేల ఏళ్లవి, కొన్ని యాభై ఏళ్లవి. నేను చదివింది కన్నడ మీడియంలో, తెలుగు చదవడం రాయడం ఇంట్లోనే వచ్చింది. మధ్యలో కన్నడ మాటలు దొర్లుతాయి, మన ఇంటి భాషే అట్లా ఉంది కదా.

ముందు ఆ నాలుగు వేల ఏళ్ల సంగతి. బళ్లారి ఊరి పక్కనే సంగనకల్లు గుట్టలు. రైల్లో పోయేవాళ్లు కూడా చూసే ఉంటారు, నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అక్కడ రాతియుగపు మనుషుల ఆనవాళ్లను రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించాడు. తరవాత బి. సుబ్బారావుగారు అక్కడ తవ్వి, బళ్లారి రాతియుగపు సంస్కృతుల మీద 1948లో పుస్తకం తెచ్చారు. ఈమధ్య కాలంలో డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ లాంటివాళ్లు చేసిన పని మనకు ఇంకా ముఖ్యం. వాళ్లు మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను ఏరి, ఏ పంటో పోల్చారు. దొరికినవి: అండుకొర్రలు, కొర్రకు దగ్గర చుట్టమైన ఇంకో గడ్డి గింజ, ఉలవలు, పెసలు. అండుకొర్రలను కన్నడలో కొరలె అంటాం, ఉలవలను హురళి, పెసలను హెసరు. వరి కాదు, గోధుమ కాదు, ఈ నేల మీద మనిషి మొదట నమ్ముకున్నది సన్న గడ్డి గింజల్నే.

చిలక నమ్ముకున్నదీ వాటినే. మనిషి పొలం వేయకముందు నుంచీ గడ్డి కంకులు, మర్రిపండ్లు, మేడిపండ్లు, వేపపండ్లు, రేగుపండ్లు తిని బతికిన పక్షి అది. మనిషి గడ్డి గింజను పొలంలో ఒకచోట చేర్చి పండించగానే చిలకకు పండగే. కాబట్టి చిలకకు, రైతుకు తగువు కూడా అప్పటిదే అయి ఉండాలి అని నా ఊహ. ఊహ అనే చెప్తున్నా. గింజలు దొరికాయి గానీ తగువు మట్టిలో తేలదు కదా.

హంపి దగ్గరికి వస్తే కాస్త రాతపూర్వకంగా దొరుకుతుంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ ఆ రాజ్యంలో ఏం పండేదో రాసిపెట్టాడు. వరి, జొన్న, రకరకాల పప్పుధాన్యాలు, అంతులేని పత్తి. గుర్రాలకు బార్లీ దొరకదు కాబట్టి పప్పు గింజలే పెట్టేవారంటాడు. అంగళ్లలో ద్రాక్ష, దానిమ్మ, నారింజ, నిమ్మ చూశానంటాడు. అతని రాతల్ని రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో అచ్చువేశాడు. ఈ జాబితాలో జొన్న, దానిమ్మ, శనగ జాతి గింజలు కలిపితే రాయల కాలపు చిలక మేత దాదాపు తయారు. నిజం చెప్పాలంటే ఇప్పుడు అంగట్లో డబ్బాల్లో అమ్మేదానికంటే అదే మేలు.

చిలకను పెంచడం ఆ కాలానికే పాత అలవాటు. కామసూత్రంలోని అరవై నాలుగు కళల్లో చిలకకు, గోరువంకకు మాటలు నేర్పడం ఒక కళ. మన్మథుడికి వాహనం చిలక. ఆండాళ్ చేతిలో చిలక, ఆ ఆండాళ్ కథనే రాయలవారు ఆముక్తమాల్యద అని తెలుగులో రాశారు. శ్రీవిల్లిపుత్తూరులో ఈ రోజుకీ అమ్మవారి చేతికి రోజుకో ఆకుచిలకను కట్టి పెడతారు, దాని ముక్కు దానిమ్మ పువ్వు. శుకసప్తతిని పాలవేకరి కదిరీపతి తెలుగులో కావ్యం చేశాడు, అందులో కథలు చెప్పి ఇల్లు నిలబెట్టేదే చిలక. ఇన్నిచోట్ల చిలక ఉంది కదా, అన్నిటికంటే మన తెలుగిళ్లలో ఎక్కువ చెప్పుకునేది ఏది? రామదాసు కథ. గోల్కొండ చెరసాలలో కంచెర్ల గోపన్న పన్నెండేళ్లు ఎందుకు మగ్గాడంటే, పోయిన జన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట. చరిత్ర ప్రకారం గోపన్న తానీషా కొలువులో పాల్వంచ తహశీల్దారు, ప్రభుత్వపు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడని ఖైదు. కానీ జనం ఆ లెక్క ఒప్పుకోలేదు. అంతటి భక్తుడికి అంత శిక్ష పడాలంటే చిలకను బంధించినంత పాపం ఉండాలి అనుకున్నారు. చోద్యం ఏమిటంటే, ఈ కథ చెప్పే ఇళ్లలోనే వసారాలో పంజరం వేలాడుతూ ఉండేది.

ఇంకో చోద్యం పొలంలో ఉంది. జొన్న పాలు పోసుకునే వేళకు రైతు మంచె కట్టి, ఒడిసెలలో రాయి పెట్టి చిలకల్ని తోలేవాడు. కన్నడలో ఆ ఒడిసెలనే కవణె అంటాం. డబ్బా కొట్టేవాళ్లు, కేకలేసేవాళ్లు. చిలకతో వచ్చిన చిక్కేమంటే తినేది కొంచెం, పారేసేది ఎక్కువ. కంకిని తుంచి, నాలుగు గింజలు కొరికి, కింద పడేసి ఇంకో కంకి మీదికి పోతుంది. పొద్దుట మంచె మీద దాన్ని తిట్టిన మనిషే సాయంత్రం ఇంటికొచ్చి పంజరంలో దానికి ఒక కంకి పెట్టడం మన వైపు మామూలే. పిల్లల్ని బూరుగు, మర్రి, వేప చెట్ల తొర్రల్లోంచి తీసేవాళ్లు. రెక్కలు రాని పిల్ల అయితే మాట తొందరగా పడుతుందని నమ్మకం.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. తుంగభద్ర ఆనకట్టకు పునాది 1945లో, కాలువల్లో నీళ్లు 1953లో. నీళ్లొస్తాయని తెలిసి కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు ఇక్కడ నల్లరేగడి కొని వచ్చారు. సిరుగుప్ప, గంగావతి, సింధనూరు తాలూకాల్లో "క్యాంపు" అన్న తోక ఉన్న ఊళ్లన్నీ అట్లా పుట్టినవే. మన తాతయ్య వాళ్లు కూడా ఆ వరసలోవాళ్లే. అదే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి సహా మిగతావి మైసూరుకు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు, ముందునుంచీ ఉన్న తెలుగువాళ్లు, ఇద్దరూ కన్నడ రాష్ట్రంలో ఒకే కాలువ పక్కన పడ్డారు.

ఈ ఇద్దరి చిలక మేత ఒకటి కాదు. నాయనమ్మది కోస్తా పద్ధతి: నానబెట్టిన వడ్లు, నానబెట్టిన శనగలు, మామిడి ముక్క, అరటిపండు, పండగనాడు పాలన్నం. పక్కింటి అవ్వ తరతరాలుగా ఈ సీమ మనిషి. ఆమె పద్ధతి కొర్ర కంకి, జొన్న కంకి, సజ్జలు, పచ్చి కడ్లె గిడం, అంటే కాయలతో సహా శనగ మొక్క. కొర్రను కన్నడలో నవణె అంటాం, సజ్జను సజ్జె అనే అంటాం. మొదట్లో నాయనమ్మకు కొర్రలంటే చిన్నచూపు. వరి లేని చోట తినే తిండి అని. అవ్వకు పాలన్నం అంటే నవ్వు, "పక్షి ఏమన్నా పసిబిడ్డనా?" అని. ఇద్దరూ చిలకకు పెట్టేది ఒక్కటే కలిసింది, అది కూడా మూడు పేర్లతో. నాయనమ్మకు మరమరాలు, అవ్వకు బొరుగులు, బడిలో మాకు మండక్కి.

చిలకకు ఏ భాష వచ్చేది అని పిల్లలు అడుగుతుంటారు. పెద్దవాళ్లు చెప్పేదాన్ని బట్టి, మన వసారా చిలక "ఎవరొచ్చారూ" అని తెలుగులో అరిచేది, పాలు పోసే కన్నడ ఆవిడ వస్తే మాత్రం "బా, బా" అనేది. మేత ఎవరి చేతినుంచి వస్తే వాళ్ల మాట పట్టుకుంటుంది. ఊరికి వచ్చే చిలక జోస్యం ఆయన చిలకకు అసలు మాటలే లేవు. ఒక్కో చీటీ తీసినందుకు ఒక్కో వడ్లగింజ, అంతే దాని జీతం.

ఇక్కడ కథ పొద్దుతిరుగుడు దగ్గరికి వచ్చి మలుపు తిరిగింది. నూనె కొరత తీర్చడానికి 1969లో సోవియట్ రష్యా నుంచి ఆ రకాలు తెప్పించారు, 1970లలో రైతుల పొలాల్లోకి వచ్చాయి. మెట్ట భూములున్న బళ్లారి, రాయచూరు లాంటి జిల్లాలకు బాగా కుదిరింది. కర్ణాటక ఆ పంటకు పెట్టింది పేరయింది. చిలకలకైతే ఇంత పెద్ద పళ్లెంలో వడ్డించిన భోజనం ఎన్నడూ దొరకలేదు. ఇంట్లో కూడా అదే అయింది. గింజ పెద్దది, చిలక కాలితో పట్టుకుని ఒలుచుకుని తింటుంటే చూడ్డానికి ముచ్చట. నాలుగేళ్లలో కొర్ర కంకి పంజరం నుంచి మాయమైంది. అవ్వ ఇంట్లో కూడా.

ముచ్చటే గానీ లెక్క చూడండి. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం కొవ్వు. వేరుశనగలోనూ దాదాపు అంతే. కొర్రల్లో నూటికి నాలుగు పాళ్లు, జొన్నలో ఇంకా తక్కువ. అడవిలో రోజుకు మైళ్లకు మైళ్లు ఎగిరే పక్షికి కొవ్వు ఖర్చవుతుంది. రెండడుగుల పంజరంలో కూర్చున్నదానికి అది కాలేయంలో పేరుకుంటుంది. పైగా ఈ గింజల్లో విటమిన్ ఎ దాదాపు ఉండదు, కాల్షియం తక్కువ. ముక్కు రంధ్రాలు మూసుకుపోవడం, ఊపిరి బరువుగా తీయడం, ఈకలు కళ తప్పడం, ఇవన్నీ "దిష్టి తగిలింది" అని మన ఇళ్లల్లో చెప్పుకున్న జబ్బులే. రామచిలక సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్లు దాటి బతికే పక్షి. మన ఇంట్లో ఏ చిలకా ఆరేళ్లు దాటలేదని పెద్దమ్మ లెక్క. పిల్లి ఎత్తుకుపోయినవి తీసేసినా అంతే.

వేరుశనగ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏ రోగమో తెలియక "టర్కీ ఎక్స్" అని పేరు పెట్టారు. చివరికి తేలింది ఏమంటే, దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కకు బూజు పట్టింది. ఆ బూజు విషానికే తరవాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. మనుషులు తినే గింజల్లోనూ దాన్ని కొలవడం మొదలైంది అక్కడినుంచే. వానాకాలంలో గోతాంలో మెత్తబడిన శనక్కాయలు మనం తినం, "చిలకకు వేద్దాంలే" అంటాం. సరిగ్గా దానికే వేయకూడదు.

పాలన్నం కూడా అంతే. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. ఇష్టంగానే తింటుంది, తరవాత విరేచనాలు. ఉప్పు వేసిన మిక్చరు, టీలో ముంచిన బిస్కెట్టు, ఉల్లిపాయ, చాక్లెట్టు, ఈమధ్య పట్నంలో అలవాటైన అవకాడో, ఇవేవీ పనికిరావు. అవకాడో అయితే ప్రాణమే తీయగలదు. మిరపకాయ మాత్రం నిక్షేపం. పక్షి నాలుకకు కారం తగలదు. మనకు కారం తెలిపే గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లో అదే గ్రాహకం మిరప ఘాటుకు కదలదని కూడా ఆయన బృందమే చూపించింది. మొక్కకు కూడా అదే లాభం: జంతువులు నమిలి గింజను పాడు చేయకుండా, పక్షులు మింగి దూరంగా వేస్తాయి. చిలక అయితే గింజనూ కొరికేస్తుంది, కాబట్టి మొక్కకు మన చిలక వల్ల ఒరిగేదేమీ లేదు. విటమిన్ ఎ దృష్టిలో ఎర్రగా పండిన మిరప పచ్చిదానికంటే మంచిది. ఓడలో వచ్చిన సరుకులో చిలకకు నిజంగా అచ్చొచ్చింది ఇదొక్కటే అంటాను.

ఇక చట్టం మాట చెప్పకుండా దాటడం సరికాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1990–91 నాటికి మన దేశపు పక్షుల వ్యాపారం, ఎగుమతి రెండూ నిషేధమయ్యాయి. 2022 సవరణ, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, రామచిలకను రెండో షెడ్యూల్లో పెట్టింది. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. సంతలో ఇంకా దొంగచాటుగా అమ్ముతున్నారు నిజమే. క్యాంపులో మన పిల్లలు "తాతయ్య ఇంట్లో ఉండేది కదా, మాకెందుకు వద్దు" అని అడుగుతున్నారు. తాతయ్య కాలపు పిల్లచిలకల్లో ఎన్ని తొర్ర నుంచి ఇంటికి చేరేలోపే చచ్చేవో కూడా వాళ్లకు చెప్పాలి. పెద్దనాన్న ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే మాట మారుస్తారు.

మనం ఇప్పుడు పెంచుతున్నవి బయటిదేశపు పక్షులు, పంజరంలోనే తరతరాలుగా పుట్టినవి. బడ్జీ, కాక్‌టెయిల్ రెండూ ఆస్ట్రేలియావి. బడ్జీని జాన్ గూల్డ్ 1840లో ప్రాణంతో ఇంగ్లండుకు తెచ్చాడు. అక్కడి ఎండు మైదానాల్లో అవి తినేది కూడా గడ్డి గింజలే. అంటే సంగనకల్లు గింజలకు, ఆస్ట్రేలియా పక్షికి కుదిరినంత సంబంధం ఇంకెక్కడా కుదరదు. కాక్‌టెయిల్ తిండి మీద కాలిఫోర్నియాలో 1980లలో చేసిన పరిశోధనలో, పెరిగే పిల్లకు తిండిలో ఇరవై శాతం ప్రొటీను అవసరమని తేలింది. కొర్రల్లో పది, పన్నెండు దాటదు. అందుకే ఉత్త గింజ చాలదు.

క్యాంపులో చెల్లి ఇప్పుడు చేసే కలపడం ఇది. పొట్టుతో ఉన్న కొర్రలు నాలుగు గ్లాసులు, పొట్టుతో అండుకొర్రలు రెండు, సజ్జలు ఒకటి, వడ్లు ఒకటి. పొట్టు ముఖ్యం. పట్నంలో సిరిధాన్యాలని ప్యాకెట్లలో అమ్మేది పాలిష్ చేసినది, పక్షికి ఒలుచుకునే పనే ఉండదు, తొందరగా పురుగు పడుతుంది. రైతు దగ్గర నేరుగా కొనడం మేలు. విత్తనానికని మందు పూసి గులాబీరంగు కలిపిన గింజ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ముట్టొద్దు, అది విషం. దీన్ని డబ్బాలో పోసి, రోజూ కొలిచి వేస్తుంది. దానికి తోడు పొద్దుట తాజాగా ఒక చెంచా: మొలకెత్తిన పెసలు, తురిమిన క్యారెట్ లేదా ఎర్ర గుమ్మడి, మునగాకు, కొత్తిమీర. వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డు కొంచెం. మొలకలు నాలుగైదు గంటల్లో తీసేయాలి, మన ఎండలకు పుల్లబడతాయి. కాల్షియానికి సముద్రపు నురుగు. బళ్లారికి సముద్రం ఎక్కడ అనకండి, గ్రంథిగె అంగడిలో అడిగితే ఇస్తారు. పొద్దుతిరుగుడు గింజలు చేతినుంచి ఒకటో రెండో, మాట నేర్పేటప్పుడు బహుమానంగా మాత్రమే. జోస్యం ఆయన పద్ధతే అది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు కాబట్టి ఇందులో నేను పెట్టిన నియమం ఒకటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. గింజ, పంజరం, గది మూడూ ఒకే వారంలో మారిస్తే పక్షి తినడం మానేసినప్పుడు ఎందుకో తెలియదు. పొద్దుతిరుగుడుకు అలవాటు పడిన పక్షిని కొర్రల మీదికి తేవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, రోజూ కొంచెం తగ్గిస్తూ రావాలి. వంటింటి డిజిటల్ త్రాసు మీద పొద్దుటే తూకం చూసి గోడ క్యాలెండర్ మీద రాయాలి. బడ్జీ ముప్పై నుంచి నలభై గ్రాములు, కాక్‌టెయిల్ ఎనభై నుంచి నూటపది మధ్య ఉంటుంది. మూడు నాలుగు గ్రాములు తగ్గడం మనకు లెక్కలోది కాదు, బడ్జీకి అది ఒంట్లో పదో వంతు. అట్లా తగ్గితే పాత మేత పెట్టి, పక్షుల గురించి తెలిసిన పశువైద్యుడికి చూపించడమే.

అవ్వ ఇంటివాళ్లు ఈ ఏడాది గట్టు పొలంలో కొర్ర వేశారు, చాలా ఏళ్ల తరవాత. చెల్లి రెండు శేర్లు పొట్టుతోనే అడిగి పెట్టుకుంది. కోత వరకూ రామచిలకలు ఎంత మిగిలిస్తే అంత.